ల్యాప్‌టాపా, స్ట్రీమరా? ముందు ఆ చార్జర్ పీకి చూడండి

రాజమహేంద్రవరం నుంచి రిటైరైన లెక్చరర్ ఒకరు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయవద్దన్నారు. వాళ్ళ నాన్నగారి హయాం నుంచి పోగైన ఆడియో క్యాసెట్లు 380 ఉన్నాయట. కాకినాడ సరస్వతీ గానసభలో, గుడి మండపాల్లో, పెళ్ళిళ్ళలో జరిగిన కచేరీలు, హరికథలు, పద్యనాటకాలు, రేడియో నుంచి పట్టుకున్నవి. చాలావాటికి బజారులో ఇంకో ప్రతి దొరకదు. రిటైరయ్యాక ఓపిగ్గా కూర్చుని అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైళ్ళు. అన్నీ ఒకే 1 టీబీ డ్రైవ్‌లో ఉన్నాయి.

హాల్లో 90ల నాటి సోనోడైన్ ఆంప్లిఫయర్, అప్పటి పెద్ద స్పీకర్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు లాగి ఆంప్లిఫయర్ వెనక ఆక్స్ అనే రంధ్రానికి పెట్టి వింటున్నారు. "ఆలాపన సన్నగా సాగేటప్పుడు కింద గుయ్‌మని ఒక మోత. తంబురాకి ఇంకో తంబురా తోడైనట్టు ఉంటుంది" అని రాశారు. డల్లస్‌లో ఉన్న పెద్దల్లుడు "ల్యాప్‌టాప్ పాటలు వినడానికి పుట్టింది కాదు మావయ్యా, స్ట్రీమర్ కొనండి" అని, కంప్యూటర్ లేకుండానే పాటల ఫైళ్ళనూ ఇంటర్నెట్ పాటలనూ ఆంప్లిఫయర్‌కి పంపే లక్షా నలభై వేల రూపాయల పరికరం ఒకటి చూపించి, సగం తాను ఇస్తానన్నాడు. "అల్లుడి డబ్బుతో పాటల డబ్బా కొనుక్కుంటే వియ్యాలవారు ఏమనుకుంటారు?" అని భార్య. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు చిన్నమ్మాయికి గ్రూప్స్ ఆన్‌లైన్ క్లాసులు, అదే ల్యాప్‌టాప్‌లో. నాన్నగారికి 86 ఏళ్ళు. పొద్దున్నే ఏదో ఒకటి వినాలి, కానీ ఆ తెర, మౌసు ఆయనకు చేతకావు. ఎవరో ఒకరు లేచి పెట్టాలి.

"కంప్యూటర్‌లో వింటే నేను నిజంగా ఏమైనా పోగొట్టుకుంటున్నానా? కొనకపోతే అల్లుడు నొచ్చుకుంటాడు, కొంటే ఇంట్లో సణుగుడు. పాట వినడానికి కూర్చుంటే కూడా టెన్షనే" అని ముగించారు.

మాస్టారూ, "అన్నీ ఒకే డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి" అన్న మాట దగ్గర నాకు చెమటలు పట్టాయి. ఒకే డ్రైవ్‌లో ఉన్నది భద్రంగా ఉన్నట్టు కాదు. అది బల్ల మీద నుంచి ఒక్కసారి కింద పడితే చాలు. క్యాసెట్లు ఇంకా ఉన్నా, ఆ పాత టేపు మళ్ళీ అంత బాగా పలుకుతుందన్న హామీ లేదు. స్ట్రీమర్ సంగతి తరవాత, ఈ వారంలోనే ఇంకో డ్రైవ్ కొని మొత్తం కాపీ చేయండి. వీలైతే మూడో ప్రతి కూడా చేసి, పెద్దమ్మాయి వచ్చినప్పుడు డల్లస్ పంపేయండి. అల్లుడుగారు ఏదైనా కొనిపెడతానంటే ముందు ఇది కొనిపెట్టమనండి. లక్షా నలభై వేలలో ఇది ఏ మూలకు?

ఇంకో మాట. మీరు వేవ్‌లో పెట్టారు కాబట్టి గంటకు సుమారు 2 జీబీ తింటోంది. డ్రైవ్ నిండిపోవచ్చి ఉంటుంది. ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మార్చుకుంటే ధ్వనిలో ఒక్క బిట్టు కూడా పోకుండా చాలా చోటు మిగులుతుంది. పాడినవారి పేరు, రాగం, ఊరు, తేదీ ఫైలులోనే రాసిపెట్టుకోవచ్చు. వేవ్‌లో ఆ సౌకర్యం సరిగా ఉండదు. రేపు మీరు ఏ స్ట్రీమర్ కొన్నా, పేర్లు లేని వేవ్ ఫైళ్ళన్నిటినీ "తెలియని కళాకారుడు" అని ఒకే గంపలో పోస్తుంది. 380 క్యాసెట్లలో మోహన రాగం ఎక్కడుందో వెతుక్కోవడం మీ వంతు అవుతుంది. విసుగు పనే, కానీ రాగాలు తెలిసిన మీరు చేయగలరు. మీ తరవాత ఇంట్లో అది చేయగలిగేవాళ్ళు ఉంటారో లేదో.

ఇక మోత సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఈ హమ్ 50లోనూ దాని రెట్టింపు 100లోనూ పలుకుతుంది. శ్రుతిలో చెప్పాలంటే అయిదుకీ అయిదున్నరకీ మధ్య పడుతుంది, అటూ కాదు ఇటూ కాదు. అందుకే అయిదు, అయిదున్నర శ్రుతుల్లో పాడేవారి కచేరీల్లో అది మరీ చికాకు పెడుతుంది. మీరు చెప్పిన రెండో తంబురా అదే.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. పాట ఆపేసి, ఆంప్లిఫయర్ వాల్యూమ్ మీరు వినే చోటే ఉంచి, ల్యాప్‌టాప్ నుంచి చార్జర్ పిన్ను పీకేయండి. మోత టక్కున ఆగిపోతే దోషం చార్జర్ దారిలో వచ్చే కరెంటుది. అప్పటికీ ఆగకపోతే ఆంప్లిఫయర్ వెనక ఆక్స్ వైరు పీకండి. అప్పుడు ఆగితే వైరుదో, ల్యాప్‌టాప్‌దో తప్పు. అప్పుడూ మోగుతూనే ఉంటే అది ఆంప్లిఫయర్ లోపలిది. ముప్ఫై ఏళ్ళ పెట్టెలో ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. మంచి మెకానిక్ చేత మార్పించుకోవచ్చు, అదేమంత పెద్ద ఖర్చు కాదు. ఆంప్లిఫయర్‌కి టీవీ సెట్‌టాప్ బాక్సు కూడా తగిలించి ఉంటే దాని కేబుల్ వైరు కూడా ఒకసారి విప్పి చూడండి. చాలా ఇళ్ళలో అసలు దొంగ అక్కడ ఉంటాడు.

నా అంచనా చార్జరే. లోహపు ఒళ్ళున్న ల్యాప్‌టాప్ అయితే, చార్జింగ్‌లో ఉన్నప్పుడు మూత మీద వేలి వెనక భాగంతో సన్నగా రాసి చూడండి. చర్మానికి గరగరలాడినట్టు, జివ్వుమన్నట్టు తెలుస్తుందా? రెండు పిన్నుల చార్జర్ నుంచి, లేదా మూడు పిన్నులున్నా గోడలో ఎర్త్ లేని ప్లగ్గు నుంచి అలా కొద్దిగా కరెంటు కారుతుంది. అదే ఆడియో వైరు పట్టుకుని ఆంప్లిఫయర్‌లోకి పోతుంది. రెండిటికీ ఎర్త్ ఉండి, వేరే వేరే ప్లగ్గుల్లో ఉన్నా ఈ మోత రావచ్చు. ల్యాప్‌టాప్‌నీ ఆంప్లిఫయర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. వినే రెండు గంటలూ బ్యాటరీ మీద నడపడం ఇంకా తేలిక. ఒక్కటి మాత్రం వద్దు: "ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుంది సార్" అనే సలహా ఎవరైనా ఇస్తారు, వినకండి. హమ్ పోవచ్చు, దాంతో పాటు ప్రాణరక్షణ కూడా పోతుంది. ఇంట్లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి, అది పాటలతో సంబంధం లేకుండా చేయవలసిన పని.

అల్లుడుగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ల్యాప్‌టాప్ లోపల ఫ్యాను, ప్రాసెసర్, వై-ఫై అన్నీ ఒకే చోట కిక్కిరిసి ఉంటాయి, హెడ్‌ఫోన్ రంధ్రం దగ్గరికి వచ్చేసరికి వాటి చిరుచప్పుళ్ళు కొన్ని కలుస్తాయి. దీనికి విరుగుడు యూఎస్‌బీ డ్యాక్. అంకెలను ధ్వనిగా మార్చే పని ల్యాప్‌టాప్ బయట, విడి పెట్టెలో జరుగుతుంది. యాపిల్ అమ్మే చిన్న సీ-టైపు హెడ్‌ఫోన్ అడాప్టర్‌లో కూడా అలాంటి డ్యాక్ ఉంటుంది. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, ధరను మించి పలుకుతుంది. కాస్త బలమైనది కావాలంటే ఫియో, టాపింగ్, ఎస్ఎమ్ఎస్ఎల్ వాళ్ళ బల్లమీది డ్యాక్‌లు పది పన్నెండు వేలలో వస్తాయి. ఇప్పటి యూఎస్‌బీ డ్యాక్‌లు దాదాపు అన్నీ తమ సొంత గడియారం ప్రకారం కంప్యూటర్ నుంచి డేటాను అడిగి తెప్పించుకుంటాయి. కాబట్టి "కంప్యూటర్ టైమింగ్ బాగుండదు, జిట్టర్" అనే భయం వాటి విషయంలో పెట్టుకోనక్కరలేదు. వేలు పోసి యూఎస్‌బీ కేబుల్ మాత్రం కొనకండి. డ్యాక్‌తో వచ్చిందే చాలు.

మోత విషయంలో మాత్రం స్ట్రీమర్‌కు ఒక సౌలభ్యం ఉందని ఒప్పుకోవాలి. యూఎస్‌బీ వైరులో కూడా రాగి తీగ ఉంది కాబట్టి, చార్జర్ నుంచి కారే కరెంటు డ్యాక్ గుండా కూడా ఆంప్లిఫయర్‌కి చేరవచ్చు. డ్యాక్ కొన్నాక కూడా హమ్ మిగిలి, మీరు నన్ను తిట్టుకునే అవకాశం ఉంది. అందుకే పరీక్ష ముందు చేయమన్నాను. చిన్న అడాప్టర్ మీద వై-ఫైతో నడిచే స్ట్రీమర్‌లో ఈ గొడవ చాలావరకు రాదు.

మోత పోయి, డ్యాక్ ఉంటే, అప్పుడు కంప్యూటర్‌కూ స్ట్రీమర్‌కూ ధ్వనిలో తేడా ఎంత? మీ స్పీకర్లలో, మీ హాల్లో, మీ రికార్డింగులతో తేడా పట్టుకోగలవారు ఉంటారని నేననుకోను. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్‌లో టేపు బుసబుస పోను పలికే పరిధి యాభై అరవై డెసిబెళ్ళకు మించదు. 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ ఉన్న సీడీ పరిధి 96 డెసిబెళ్ళు. మీ ఫైళ్ళు దానికీ పైన ఉన్నాయి. కిందికి మార్చమనను, రేపు ఎవరైనా ఆ రికార్డింగులను శుభ్రం చేయాలనుకుంటే పనికొస్తాయి. కానీ లక్షల పరికరం పెట్టినంత మాత్రాన టేపులో లేనిది రాదు. అదే డబ్బులో చిన్న భాగంతో స్పీకర్లను గోడకు అడుగున్నర ముందుకు జరిపి, పైన ఉన్న చిన్న గుండ్రటి స్పీకర్ మీ చెవి ఎత్తుకు వచ్చేలా స్టాండు వేయించి చూడండి, ఘటం దెబ్బ ఎంత విడిగా వినిపిస్తుందో. స్ట్రీమర్ కంపెనీలవాళ్ళు ఈ మాట చెప్పరు లెండి.

కంప్యూటర్‌తోనే ఉండిపోదామనుకుంటే రెండు మార్పులు చేయండి. విండోస్ అన్ని చప్పుళ్ళనూ ఒక చోట కలిపి ఒకే రేటుకు మార్చి పంపుతుంది. ఆ మార్పు చెవికి తెలిసేంత ఉండదు కానీ, మధ్యలో వాట్సాప్ టింగ్‌మనడం మాత్రం బాగా తెలుస్తుంది. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌లో అవుట్‌పుట్‌ను ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో పెడితే పాట నడిచినంతసేపూ డ్యాక్ ఆ ప్లేయర్‌దే, టింగులు దాని దగ్గరికి రాలేవు. సౌండ్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌మెంట్లు ఆపేసి, ల్యాప్‌టాప్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఆంప్లిఫయర్ నాబ్‌తో తగ్గించుకోండి. ఇంతే.

కానీ మీ ఇంట్లో ల్యాప్‌టాప్‌కు ఒక చిక్కుంది, దానికి సెట్టింగు లేదు. ఏడు నుంచి తొమ్మిది దాకా అది చిన్నమ్మాయిది. మీరు వినాలనుకునే వేళ కూడా అదే. ఆ పిల్ల మీకు ఎదురు చెప్పదు, ఫోన్‌లో క్లాసు వింటుంది, చిన్న తెరలో అక్షరాలు కనపడక అవస్థ పడుతుంది. గ్రూప్స్ నోటిఫికేషన్లు ఏటా వచ్చేవి కావని మీకు నేను చెప్పాలా? ధ్వని కోసం కాకపోయినా, ఈ ఒక్క కారణానికి పాటలకు విడిగా ఒక పరికరం ఉండటం న్యాయం. అయితే అది లక్షా నలభై వేలది కానక్కరలేదు.

అటక మీద 2014 నాటి డెస్క్‌టాప్ ఉందని రాశారు కదా, దింపి వెనక చూడండి. ఆడియో రంధ్రాల పక్కన చిన్న చదరపు మూత ఉండి, పవర్ ఇస్తే లోపల ఎర్రగా వెలుగుతుంటే అది ఆప్టికల్ అవుట్‌పుట్. అందులోంచి వెలుతురు తప్ప కరెంటు పోదు కాబట్టి హమ్ దాటి రాలేదు. ఆప్టికల్ తీసుకునే డ్యాక్ ఒకటి కొంటే పని అయిపోతుంది. దాని ఫ్యాను హోరుమంటే మాత్రం హాల్లో పెట్టలేరు. అందులో విండోస్ 10 ఉంటే దానికి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇంటర్నెట్ తగిలించకుండా వాడుకోండి.

రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ ఇంకో దారి. దాని మీద డ్యాక్ బోర్డు ఒకటి గుచ్చి, మూడ్ లేదా వాల్యూమియో సాఫ్ట్‌వేర్ వేసి, మీ డ్రైవ్ తగిలిస్తే అదే స్ట్రీమర్. ఫ్యాను అక్కరలేకుండా, చప్పుడు లేకుండా నడుస్తుంది. ఫోన్ బ్రౌజర్‌లోంచి పాట ఎంచుకోవచ్చు. మొత్తం పదిహేను వేలు దాటకపోవచ్చు. కానీ దాన్ని పెడితే ఇంటికి మెకానిక్ మీరే అవుతారు. పాట మధ్యలో కరెంటు పోతే అందులోని మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదం ఉంది. రూటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ దీనికీ పెట్టాలి, పనిచేసే కార్డుకు ఇంకో కాపీ దగ్గర ఉంచుకోవాలి. క్యాసెట్లన్నీ ఒంటిచేత్తో ఎక్కించిన మనిషికి ఇది కష్టం కాదు. మీరు ఊళ్ళో లేని రోజు అది మొరాయిస్తే ఏం చేయాలన్నదే ఆలోచించుకోండి.

కొనే స్ట్రీమరే కావాలంటే విమ్ లాంటి కంపెనీలవి అల్లుడుగారు చూపించినదాంట్లో నాలుగో వంతు ధరకే మంచివి ఉన్నాయి. మీకు ముఖ్యమైనది యూఎస్‌బీ డ్రైవ్ నేరుగా తగిలించుకునే వీలు. అన్నిటికీ ఉండదు. అది లేకపోతే మీ పాటలు ఇంకో కంప్యూటర్లోనో, రూటర్‌కు తగిలించిన డ్రైవ్‌లోనో ఉండాలి, వై-ఫై బాగా అందాలి, అంటే ఇంకో రెండు తలనొప్పులు. స్ట్రీమర్లకు ఇంకో బలహీనత ఉంది, అవి తమ యాప్ బతికినన్నాళ్ళే సుఖంగా బతుకుతాయి. గూగుల్ వాళ్ళ చిన్న స్ట్రీమర్ క్రోమ్‌కాస్ట్ ఆడియో 2015లో వచ్చింది, 2019 మొదట్లోనే తయారీ ఆపేశారు. వై-ఫై స్పీకర్లు చేసే సోనోస్ కంపెనీ 2024 మేలో యాప్ మార్చేసరికి వాడేవాళ్ళు గగ్గోలు పెట్టారు, కొద్ది నెలలకు ఆ కంపెనీ సీఈఓయే తప్పుకున్నాడు. మీ సోనోడైన్ ముప్ఫై ఏళ్ళుగా ఎవరి అనుమతీ అడగకుండా పనిచేస్తోంది. స్ట్రీమర్ మీద అంత ఆశ పెట్టుకోకండి. ఆరేడేళ్ళు వస్తే చాలనుకుని, ఆ లెక్కన ధర ఆలోచించండి.

అల్లుడుగారి సలహా తప్పేమీ కాదు, అది డల్లస్ ఇంటికి సరిపోయే సలహా. అక్కడ టైడల్, కోబజ్ లాంటి ఆన్‌లైన్ పాటల సర్వీసులు ఉన్నాయి. ఖరీదైన స్ట్రీమర్ల గొప్పంతా ఆ సర్వీసులను నేరుగా పలికించడంలో ఉంది. మన దేశంలో ఆ రెండూ అధికారికంగా లేవు. ఇక్కడ నష్టం లేని నాణ్యతతో వచ్చే యాపిల్ మ్యూజిక్‌ను పూర్తి నాణ్యతతో నేరుగా పాడే స్ట్రీమర్లు అరుదు, దానికి డ్యాక్ పెట్టిన కంప్యూటరే నయం. పైగా మీరు వినేవి మీ సొంత ఫైళ్ళు. ఈ మాట ఆయనకు ఇలాగే చెప్పండి: "నీ ఇంట్లో అది రైటు నాయనా, ఇక్కడ ఆ సర్వీసులే లేవు." వినే మనిషికి అర్థమవుతుంది. పాటల మీద ప్రేమతో ఫోన్ చేసి మాట్లాడే అల్లుడు కాబట్టి నొచ్చుకోడనే నా నమ్మకం. డబ్బు తీసుకోవడం ఇంట్లో ఇష్టం లేకపోతే పని ఇవ్వండి. ఫైళ్ళకు పేర్లు, రాగాలు ఎక్కించే పని ఇద్దరూ పంచుకోవచ్చు. అమెరికా నుంచి రాత్రిపూట కూర్చుని చేయగలడు, పెద్దమ్మాయి కూడా తాతగారి గొంతు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గుతుంది.

నాన్నగారి విషయం వీటన్నిటికీ వేరు. చాలా స్ట్రీమర్లు ఫోన్ యాప్‌తోనే నడుస్తాయి, 86 ఏళ్ళ వేళ్ళకు ఆ గాజుతెర లొంగదు. ప్రీసెట్ బటన్ల రిమోట్ ఉన్నవి కొన్ని ఉన్నాయి కానీ, మీ డ్రైవ్‌లోని కచేరీ ఆ బటన్ మీద కూర్చుంటుందో లేదో మోడల్‌ను బట్టి ఉంటుంది. హాల్లో మీరు వినే పెట్టెనూ, ఆయన గదిలో పొద్దున్నే మోగే పెట్టెనూ ఒకటి చేయాలని చూడకండి. పెన్‌డ్రైవ్ పట్టే చిన్న రేడియో ప్లేయర్, నొక్కితే టక్‌మనే బటన్లున్నది, ఒకటి ఆయన మంచం పక్కన పెట్టండి. ఆయనకిష్టమైనవి ఓ యాభై ఎమ్‌పీ3లుగా మార్చి అందులో వేయండి. ఆడియో నాణ్యత కాస్త తగ్గినందుకు నాన్నగారు మిమ్మల్ని ఏమీ అనరు. ఎవరినీ పిలవకుండా తానే నొక్కుకోవడం ఆయనకు దాని కంటే ముఖ్యమని నా అనుమానం, అడిగి చూడండి.

ఇక మీరు షాపుకు వెళ్తే ఒక పెన్‌డ్రైవ్‌లో మీ ఫైళ్ళే నాలుగు పట్టుకెళ్ళండి. ఒక కచేరీలో రాగం, తానం, పల్లవి మూడు ఫైళ్ళుగా కోసినవి తప్పకుండా ఉండాలి. వాళ్ళు పెట్టే ఇంగ్లీషు పాటలు కాకుండా అవే పెట్టమనండి. తానం నుంచి పల్లవిలోకి వెళ్ళేటప్పుడు మధ్యలో ఖాళీ పడుతోందా, పేర్లు తెలుగులో రాస్తే యాప్‌లోనూ, పెట్టెకు తెర ఉంటే దాని మీదా అక్షరాలుగానే వస్తున్నాయా లేక డబ్బాలుగా కనిపిస్తున్నాయా, వై-ఫై ఆపేస్తే డ్రైవ్‌లో పాట ఇంకా నడుస్తోందా, ఈ మూడూ అక్కడే చూడండి. మూడోది చూపించమంటే సేల్స్ కుర్రాడు తటపటాయిస్తే ఆ పెట్టె మీకు కాదు.